ఇద్దరికీ రెండు పుస్తకాలు

'మీ ప్రశ్న – మా జవాబు' శీర్షికలో ఈసారి కవలల తొలి ఏడాది. ఉత్తరాలన్నీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చినవే. అడిగిన సంగతులు వేరువేరైనా అన్నిటిలోనూ ఒకే బెంగ కనిపించింది: ఏడాది ఎలా గడిచిందో తెలీలేదు, ఎవరికి ఎప్పుడు ఏం జరిగిందో గుర్తులేదు. పాలు, మందులు, బరువు రాసుకునే పుస్తకమే రేపు పిల్లల జ్ఞాపకాల పుస్తకం అవుతుంది. అది ఇద్దరికీ కలిపి ఒకటి కాదు, ఎవరిది వాళ్లకే ఉండాలన్నది మా గట్టి అభిప్రాయం. జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవే.

ప్రశ్న: మాకు కవల ఆడపిల్లలు, ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటి మూడు నెలలు నాకు అసలు గుర్తులేవు. బొడ్డు ముందు ఎవరికి ఊడింది, ముందు నవ్విందెవరు అంటే మా అమ్మ ఒకటి చెబుతుంది, అత్తగారు ఇంకొకటి చెబుతారు. ఇప్పుడు కూర్చుని రాయడం కుదురుతుందా?
– ఓ తల్లి, నరసన్నపేట

కుదురుతుందమ్మా. అయితే గుర్తున్నదాంతో మొదలుపెట్టకండి, కాగితాలతో మొదలుపెట్టండి. గట్టి అట్ట ఉన్న 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు రెండు కొనండి. ఒకే పుస్తకంలో చెరో సగం రాద్దామనుకుంటే కొన్నాళ్లకే "పిల్లలు", "ఇద్దరూ" అన్న మాటలు వచ్చేస్తాయి, ఎవరి సంగతి ఏదో కలిసిపోతుంది. ఎడమ పేజీ తేదీలకు, అంకెలకు ఉంచండి. కుడి పేజీ మాటలకు.

ముందు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు తీయండి. పుట్టిన సమయం, బరువు, తల చుట్టుకొలత, ఎన్ని వారాలకు పుట్టారు, ఎన్నిరోజులు అద్దాలపెట్టెలో ఉన్నారు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఆసుపత్రివాళ్లు ఒకటో బిడ్డ, రెండో బిడ్డ అనే రాస్తారు కాబట్టి ఒకటి ఎవరో రెండు ఎవరో ఇంట్లో పిలిచే పేరుతో మొదటి పేజీలోనే రాసేయండి. కొన్ని ఇళ్లలో తర్వాత పుట్టిన బిడ్డనే పెద్దగా లెక్కేస్తారు. అది మీ ఇంటి పద్ధతి. పుస్తకంలో మాత్రం గంట, నిమిషం ఉండాలి. జనన ధ్రువపత్రంలో తేదీయే ఉంటుంది, సమయం ఉండదు. రేపు జాతకానికైనా, పిల్లలు తగువులాడుకుని అడిగినా ఆ సంగతి డిశ్చార్జి కాగితంలోనే దొరకాలి.

తర్వాత టీకాల కార్డులు. 6, 10, 14 వారాల టీకాల తేదీలు రెండు పుస్తకాల్లోనూ వేసుకోండి. ఆ తేదీల చుట్టూ మిగతావి వాటంతటవే గుర్తుకొస్తాయి: పెంటావాలెంట్ వేసిన రాత్రి ఎవరికి జ్వరం తగిలింది, ఎవరు తొడ వాచి ఏడ్చారు, ఎవరు హాయిగా నిద్రపోయారు.

మూడోది ఫోను. మీ ఫోనుతో తీసిన ఫొటో వివరాల్లోకి వెళ్తే తీసిన రోజు, గంట కనిపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోకి ఆ నమ్మకం లేదు. అందులో కనిపించేది మీకు అందిన తేదీ, తీసిన తేదీ కాదు. కాబట్టి చెల్లెలో ఆడపడుచో పంపిన ఫొటో అయితే వాళ్ల ఫోనులో అసలు ఫొటో చూసి తేదీ రాసుకోండి. మీరు అమ్మకి పెట్టిన వాయిస్ మెసేజీలు వినండి. "చిన్నదానికి బొడ్డు ఊడిందే" అన్న మాట వాటిలో దొరికితే ఇద్దరు అమ్మమ్మ నాయనమ్మల వాదన అక్కడితో తీరిపోతుంది. దొరక్కపోతే ఇద్దరి మాటా రాయండి, ఎవరు చెప్పిందో పేరుతో సహా. మీరు తీర్పు చెప్పనక్కర్లేదు.

స్కానింగ్ బొమ్మల గురించి ఒక హెచ్చరిక. అవి వేడికి నల్లబడే కాగితం మీద అచ్చయినవి. ఎండకి, ఏళ్లు గడిచేకొద్దీ వెలిసిపోతాయి. భద్రంగా ఉంటాయని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి బొమ్మ మొత్తం నల్లగా మాడిపోతుంది. ఈరోజే కిటికీ దగ్గర పెట్టి, మెరుపు పడకుండా ఫొటో తీసి ప్రింటు వేయించుకోండి. ఇంకొకటి: స్కానింగులో 'ఎ' అని రాసిన బిడ్డే కాన్పులో ముందు బయటికొచ్చిందన్న ఖాయం లేదు, సిజేరియన్ అయితే మరీనూ. గర్భసంచి ముఖద్వారానికి ఎవరు దగ్గరుంటే వాళ్లకి ఆ అక్షరం పెడతారు, అంతే. అందుకని ఆ బొమ్మకి పేరు తగిలించకుండా రెండు పుస్తకాల్లోనూ ఒక్కో కాపీ అంటించండి.

ప్రశ్న: మగపిల్లలు, కవలలు. ఐదు వారాలు. ఒకడు 2.1 కిలోలు, ఒకడు 2.6. నా భార్య, మా అత్తగారు, నేను వంతులవారీగా చూస్తున్నాం. తెల్లారేసరికి ఎవడు పాలు తాగాడో ఎవడు తాగలేదో ముగ్గురికీ తెలియడం లేదు. ఏం రాయాలి, ఎలా రాయాలి?
– ఓ తండ్రి, విజయనగరం

రోజుకి ఒక పేజీ, ఒక్కొక్కరికి ఒక పుస్తకం. పుస్తకం పెన్నుతో కలిపి దారం కట్టి ఆ పిల్లవాడి పక్క దగ్గరే ఉండాలి. రెండు పుస్తకాలకీ రెండు రంగుల అట్టలు వేయండి. అర్ధరాత్రి మసక వెలుతురులో చదవగలిగేది రంగే.

పేజీలో ఐదు గడులు చాలు: సమయం, పాలు, ఒంటికి, రెంటికి, మందు. ఆరో గడి పెడితే ఎవరూ నింపరు. ఇలా ఉంటుంది:

తె. 2.10 – కుడి వైపు, తర్వాత ఉగ్గుగిన్నెతో 15 మి.లీ. – ఒంటికి – లేదు – లేదు
తె. 4.20 – ఉగ్గుగిన్నెతో 26 మి.లీ., సగంలో నిద్ర – ఒంటికి – పసుపు, పల్చగా – లేదు
ఉ. 6.30 – కుడి వైపు – ఒంటికి – లేదు – ఐరన్, విటమిన్ డి

ఎన్ని నిమిషాలు పట్టుకున్నాడన్నది రాసినా పెద్ద లాభం లేదు. నిద్రపోతూ అరగంట పట్టుకున్నవాడి కంటే పది నిమిషాలు గుటకలు వేసినవాడికి ఎక్కువ అందుతుంది. అందిందో లేదో చెప్పేవి రెండే: రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా ఒంటికి పోవడం, వారానికి 150 నుంచి 200 గ్రాముల దాకా బరువు పెరగడం. బరువు ఎప్పుడూ ఒకే కాటా మీద, బట్టలు తీసి, పాలు పట్టకముందు చూడండి. సబ్‌సెంటర్లో ఒకసారి, మందుల షాపులో ఒకసారి చూస్తే కాటాల తేడాయే వంద గ్రాములుంటుంది. లేని భయం పుడుతుంది, లేదా ఉన్న భయం కనపడదు.

పిండి తీసిన పాలు పట్టేటప్పుడు ఎంత అన్నది బరువును బట్టి. ఈ వయసులో కిలోకి రోజుకి 150 మి.లీ. అని లెక్కేస్తే 2.1 కిలోల వాడికి 315, 2.6 కిలోల వాడికి 390 మి.లీ. రెండు గంటలకోసారి పన్నెండు విడతలైతే చిన్నవాడికి 26, పెద్దవాడికి 32 చొప్పున. డిశ్చార్జి కాగితంలో డాక్టరుగారు వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. ఇద్దరికీ ఒకే కొలత పోసేయడమే కవలల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. చిన్నవాడు కక్కుతాడు, పెద్దవాడు ఆకలికి ఏడుస్తాడు, తల్లికి పాలు చాలడం లేదని ఇంట్లో అంతా తేల్చేస్తారు.

రొమ్ము విషయంలో సులువైన పద్ధతి: ఈరోజంతా పెద్దవాడికి కుడి, చిన్నవాడికి ఎడమ, రేపు మార్చాలి. పేజీ పైన పెద్ద అక్షరాలతో రాసుకోండి. గట్టిగా చప్పరించేవాడికి ఎప్పుడూ ఒకే వైపు ఇస్తే ఆ వైపు పాలు పెరిగి రెండోవైపు తగ్గుతాయి. ఒకడు లేచి తాగాక అరగంటలోపు రెండోవాణ్ణి కూడా లేపి పట్టండి. లేకపోతే తల్లికి రాత్రంతా కునుకు ఉండదు. పిండిన పాలు గదిలో నాలుగు గంటలకు మించి ఉంచొద్దు, మన చైత్ర వైశాఖాల ఎండలకి ఇంకా ముందే వాడేయాలి. ఫ్రిజ్‌లో ఒక రోజు. ఉగ్గుగిన్నె, చెంచా ప్రతిసారీ మరిగే నీళ్లలో వేసి తీయాలి.

పేజీ అడుగున ఒక గీత గీసి రోజుకి ఒక్క వాక్యం రాయండి. "ఈరోజు ఫ్యాను కేసి చాలాసేపు చూశాడు" చాలు. పాల లెక్కలు ఆర్నెల్లకు పనికిరాకుండా పోతాయి, ఆ వాక్యాలు మిగులుతాయి.

ప్రశ్న: మా మనవరాళ్లు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటారు. మొన్న జ్వరం మందు ఒకదానికే రెండుసార్లు పోసేశామేమో అని ఇంటిల్లిపాదీ హడలిపోయాం. గుర్తు ఎలా పెట్టుకోవాలి?
– ఓ నాయనమ్మ, రాజాం

గుర్తు కాలికి పెట్టండి. చేతివేళ్లు నోట్లోకి వెళ్తాయి, మెడలో దారం ఊపిరాడకుండా చేసే ప్రమాదం ఉంది. పెద్దపిల్లకి కుడి బొటనవేలి గోరుకి రంగు వేయండి, రెండోదానికి వేయొద్దు. నాలుగైదు రోజులకోసారి మళ్లీ దిద్దండి. ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ వేలు వదిలి వేరే వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టమని చెప్పండి, గోరు రంగు వల్ల అంకె తప్పు చూపించొచ్చు. మొలతాళ్లు ఒకటి ఎరుపు, ఒకటి నలుపు కట్టొచ్చు. బిడ్డ పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది కాబట్టి రెండు వేళ్లు దూరేంత వదులు ఉందో లేదో వారం వారం చూడాలి. మువ్వలున్న పట్టీలు వద్దు, ఊడిన మువ్వ తిన్నగా నోట్లోకే వెళ్తుంది.

ఏ గుర్తు పెట్టినా ఒక నియమం మాత్రం తప్పొద్దు: ఇద్దరి గుర్తులూ ఒకేసారి తీయకూడదు. నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు ఒకదాని పని పూర్తిగా అయ్యాక, గుర్తు మళ్లీ కట్టాకే రెండోదాన్ని పీట మీదకి తీసుకోండి. కవలలు తారుమారయ్యేది ఎక్కువగా స్నానాల దగ్గరే.

చెరగని గుర్తులు పుస్తకం మొదటి పేజీలో బొమ్మ గీసి పెట్టండి: తల మీద సుడి ఎటు తిరిగింది, ఒకటా రెండా, చెవి తమ్మె అతుక్కుని ఉందా విడిగా ఉందా, పుట్టుమచ్చ ఎక్కడ. నడుము కింద కనిపించే నీలిమచ్చను నమ్ముకోకండి, అది పెరిగేకొద్దీ వెలిసిపోతుంది. అచ్చు ఒకేలా ఉండే పిల్లలకి కూడా పాదాల గీతలు, వేలిముద్రలు వేరుగానే ఉంటాయి. పాదముద్ర తీసి ఉంచితే రేపు ఏ అనుమానం వచ్చినా అదే సాక్ష్యం.

ఇక మందు సంగతి. పారాసిటమాల్ రెండు రకాలుగా దొరుకుతుంది. డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది. 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండే సిరప్‌లో 1 మి.లీ.కి 25 మి.గ్రా. మాత్రమే. అంటే నాలుగు రెట్ల తేడా. 5 కిలోల బిడ్డకి 75 మి.గ్రా. ఇవ్వాలంటే డ్రాప్స్ అయితే 0.75 మి.లీ., సిరప్ అయితే 3 మి.లీ. ఇంట్లో రెండూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మారిపోతాయి. ఒక్కటే ఉంచుకోండి, సీసా మీద ఇద్దరి పేర్లూ వాళ్ల బరువుకి తగిన కొలతా రాసి అంటించండి. పోయగానే ముందు పుస్తకంలో రాయండి, సీసా మూత తర్వాత పెట్టండి. రాసి లేదంటే పోయలేదని అనుకోవద్దు, రాయకుండా పోసి ఉండొచ్చు. అనుమానం వస్తే ఆ విడత వదిలేసి డాక్టరుకి ఫోను చేయండి: ఏ మందు, ఎంత, ఎప్పుడు, బిడ్డ బరువెంత. ఐరన్ చుక్కలు రెండింతలు పడ్డాయనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఇంట్లో మందు పోసి చూడటం కాదు, డాక్టరుకి చూపించాల్సిందే.

ప్రశ్న: 33 వారాలకే పుట్టిన కవలలు, ఇప్పుడు ఆరు నెలలు నిండాయి. ఒకడు బోర్లా పడ్డాడు, రెండోవాడు ఊసే లేదు. బొబ్బట్లు ఇద్దరికీ కలిపి చేసేద్దామా, రెండోవాడి కోసం ఆగుదామా అని ఇంట్లో చర్చ. నాకేమో వాడికేమైనా లోపముందా అని భయం.
– ఓ తల్లి, బొబ్బిలి

ముందు భయం సంగతి. 40 వారాలకి పుట్టాల్సినవాళ్లు 33 వారాలకి పుట్టారంటే ఏడు వారాలు ముందొచ్చారు. ఆరు నెలల్లో ఏడు వారాలు తీసేస్తే వాళ్ల అసలు వయసు నాలుగు నెలల పది రోజులు అటూ ఇటూ. ఆ వయసుకి బోర్లా పడకపోవడం తప్పేం కాదు, ముందు పడ్డవాడే తొందరపడ్డాడు. రెండేళ్లు నిండేదాకా ఎదుగుదలను ఈ సవరించిన వయసుతోనే చూడాలి. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు. పుట్టిన తేదీ నుంచి లెక్కే, 6 వారాలంటే 6 వారాలే. ఈ రెండు లెక్కల్నీ కలిపేసుకుని టీకాలు ఆలస్యం చేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు.

ఏది చూసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి? సవరించిన వయసు మూడు నెలలు దాటినా మనిషిని చూసి నవ్వకపోతే, ఐదు నెలలకి తల నిలవకపోతే, తొమ్మిది నెలలకి ఆనుకోకుండా కూర్చోకపోతే, ఏడాదిలోపే ఎప్పుడూ ఒక్క చేయే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచితే, వచ్చిన విద్య ఏదైనా పోతే. ఇందులో ఏదున్నా మీ ఆసుపత్రి డాక్టరు కానీ, జిల్లా కేంద్రంలో అందరూ డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రం కానీ చూడాలి. నడక విషయంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకే 8 నెలల నుంచి 18 నెలల దాకా తేడా ఉంటుంది.

34 వారాల లోపు, లేదా రెండు కిలోల లోపు పుట్టిన పిల్లలకి నెలరోజులకల్లా కంటి రెటీనా పరీక్ష అయిపోవాలి. మరీ ముందు పుట్టినవాళ్లకి రెండు మూడు వారాలకే. మీ కాగితాల్లో ఇద్దరికీ అది జరిగినట్టు ఉందో లేదో చూడండి. ఒకరికి జరిగి ఇంకొకరికి జరగని సందర్భాలుంటాయి, ముఖ్యంగా ఒకరు ముందు డిశ్చార్జి అయినప్పుడు. లేకపోతే ఇప్పుడైనా కంటి డాక్టరుకి చూపించండి, చెవి పరీక్ష కూడా అడగండి.

ఇక బొబ్బట్లు. కలిపి చేయొద్దు. పడ్డవాడికి ఈరోజే చేయండి, రెండోవాడు పడిన రోజున మళ్లీ పొయ్యి వెలిగించండి. అడుగులకి అరిసెలైనా, పలుకులకి పంచదార చిలకలైనా అంతే. రెండుసార్లు చేస్తే పని రెట్టింపే, కానీ ఆ రోజు ఆ బిడ్డది. పుస్తకంలో ఏది ఎవరి రోజో, ఎవరెవరు తిన్నారో రాయండి. తమ్ముడి వేడుకలో తనకీ ఒక ముక్క దక్కిందని కాకుండా తనకంటూ ఒక రోజు ఉందని ఆ పిల్లవాడు రేపు చదువుకోవాలి.

ప్రశ్న: కోడలు ఇద్దరికీ వేరు గిన్నెలు, వేరు చెంచాలు పెట్టమంటోంది. ఒకే గిన్నెలో చోడి (రాగి) జావ కలిపి చెరో చెంచా పెడితే తప్పేంటి?
– ఓ అత్తగారు, పొందూరు

మీ కోడలి మాటే సరి. ఒకే గిన్నెలో పెడితే నోరు తెరిచే బిడ్డకే చెంచా ఎక్కువసార్లు వెళ్తుంది. నెమ్మదిగా తినేది వెనకబడుతుంది, ఎంత వెనకబడిందో ఎవరికీ తెలీదు. ఒకరికి విరేచనాలైతే అదే చెంచాతో రెండోవాళ్లకీ అంటుకుంటాయి.

చోడి మంచి ఎంపిక. చోళ్లు కడిగి రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తూ మొలకలు వచ్చేదాకా ఒకటి రెండు రోజులుంచి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి విసిరి జల్లించండి. మొలకెత్తిన పిండితో జావ పల్చగా వస్తుంది కాబట్టి అంతే నీళ్లలో ఎక్కువ పిండి వేయొచ్చు. చిన్న పొట్టలో ఎక్కువ బలం పడుతుంది. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. నీళ్లలా ఉన్న జావతో పొట్ట నిండుతుంది కానీ బరువు పెరగదు.

ఆరు నెలలు నిండాక రెండు మూడు చెంచాలతో మొదలు. ఎనిమిదో నెలకి పావులీటరు పట్టే గిన్నెలో సగం చొప్పున రోజుకి రెండు మూడుసార్లు, తొమ్మిది నుంచి ఏడాది దాకా అదే సగం గిన్నె మూడు నాలుగుసార్లు, తల్లిపాలు మానకుండా. నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి ఎప్పుడు మొదలుపెట్టాలో తల నిలిచిందో లేదో చూసి డాక్టరు చెబుతారు. కొత్తది ఏది పెట్టినా రెండు మూడు రోజులు అదే పెట్టి, పడిందో లేదో ఎవరి పుస్తకంలో వాళ్లకి రాయండి. ఒకరికి పడింది రెండోవాళ్లకి పడాలని లేదు. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, దానిలో ఉండే సూక్ష్మక్రిమి పసిపిల్లల నరాలను దెబ్బతీసే జబ్బు తెస్తుంది. ఉప్పు, పంచదార కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ఫొటోలు వేల కొద్దీ ఉన్నాయి. ఏది ఎవరో చెప్పలేకపోతున్నాం. పాదముద్రలు కూడా తీయాలనుంది.
– ఓ తల్లి, టెక్కలి

ఇప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఇద్దరూ ఉన్న ప్రతి ఫొటోలో పెద్దపిల్ల, చూసేవాళ్లకి ఎడమ చేతివైపు. ఫోను ముందు కెమెరాతో తీస్తే కొన్ని ఫోన్లలో ఎడమ కుడి తారుమారవుతాయి, కాబట్టి వెనక కెమెరాతోనే తీయండి. ఒక్కొక్కరిని విడిగా కూడా నెలకోసారి తీయాలి. కవలల ఇళ్లలో జంట ఫొటోలు వందలుంటాయి, బిడ్డ ఒక్కతే ఉన్న ఫొటో వెతికితే దొరకదు. బడికి కావాల్సింది ఆ ఒక్కరి ఫొటోయే. ముఖాలు గుర్తుపట్టి ఫొటోల్ని వాటంతటవే సర్దే సదుపాయం ఒకేలాంటి పిల్లల దగ్గర తప్పుతుంది, దాన్ని నమ్మి పాతవి తుడిచేయకండి. నెలకి ఇద్దరివీ చెరో నాలుగు ఎంచి ప్రింటు వేయించి వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ రాయండి. బాల్ పెన్ను నొక్కితే ముందువైపు గీత తేలుతుంది.

పాదముద్ర బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు తీయాలి. పిల్లలకోసం అమ్మే, నీళ్లతో పోయే రంగు మెత్తని గుడ్డతో అరికాలికి పల్చగా అద్దండి. దళసరి కాగితాన్ని గట్టి అట్టకి క్లిప్పుతో పెట్టి, కాగితాన్నే కాలికి తెచ్చి మడమ నుంచి వేళ్ల వైపు ఒత్తుతూ రండి. రంగు ఎక్కువైతే గీతలు పూడిపోయి మచ్చ మాత్రమే పడుతుంది. మొదటి ముద్ర పారేయండి, రెండోది, మూడోది బాగా వస్తాయి. ఒకరి కాలు కడిగి, ముద్ర మీద పేరు రాసి పక్కన పెట్టాకే రెండోవాళ్లది.

ప్రశ్న: అమడ అరటిపండు తినడం వల్లే కవలలు పుట్టారంటున్నారు. మాకు రెండు మాయలు (ప్లాసెంటా) వచ్చాయట, కాబట్టి వీళ్లు అచ్చు కవలలు కాదని కూడా అంటున్నారు. నిజమేనా?
– చీపురుపల్లి

పండుకీ కవలలకీ సంబంధం లేదు. ఒకే అండం రెండుగా చీలితే ఒకేలాంటి కవలలు, రెండు అండాలు విడుదలైతే అన్నదమ్ముల పోలిక ఉండే కవలలు. రెండు మాయలున్నంత మాత్రాన రెండు అండాలని చెప్పలేం, ఒకే అండం తొలి మూడు రోజుల్లోనే చీలితే రెండు మాయలు వస్తాయి. ఒకేలాంటి కవలల్లో దాదాపు మూడోవంతు మంది ఇలాంటివాళ్లే. రక్తం గ్రూపులు వేరైతే రెండు అండాలన్నట్టే. ఒకటే అయితే ఏమీ తేలదు, డీఎన్ఏ పరీక్ష ఒక్కటే చెబుతుంది. మాయ గురించి ఆసుపత్రి కాగితంలో ఏం రాశారో అది పుస్తకంలోకి ఎక్కించుకోండి.

ప్రశ్న: ఇద్దరు పుట్టారు. రెండో బాబు తొమ్మిదో రోజున పోయాడు. పెద్దబాబుకి ఇప్పుడు ఏడు నెలలు. ఇంట్లో పెద్దలు ఆ ఫొటోలు తీసేయమంటున్నారు. నా భార్య ఒప్పుకోవడం లేదు. పెద్దబాబు పుస్తకంలో తమ్ముడి సంగతి రాయాలా?
– ఓ తండ్రి, పలాస

రాయండి. తీసేయకండి. మీ భార్య కోరుతున్నది న్యాయమైనది.

తొమ్మిది రోజులైనా అది ఒక జీవితం. ఆ బాబుకి కూడా ఒక పుస్తకం ఉండాలి, చిన్నదైనా సరే. పేరు పెట్టి ఉంటే పేరు, లేకపోతే మీరిద్దరూ పిలుచుకున్న మాట. పుట్టిన సమయం, బరువు, ఎవరి పోలిక, ఎవరు ఎత్తుకున్నారు, కళ్లు తెరిచాడా, వేలు పట్టుకున్నాడా, ఏ రోజున ఏం జరిగింది. చేతికి కట్టిన ఆసుపత్రి పట్టీ, కప్పిన గుడ్డ ఉంటే ఒక కవర్లో పెట్టండి. ఫొటోలు చూడటం ఇప్పుడు కష్టమైతే నమ్మకమైన ఒకరికి కాపీ ఇచ్చి దాచమనండి. ఫోను పోతే మళ్లీ రావు.

పెద్దబాబు పుస్తకం మొదటి పేజీలో "నువ్వు కవలల్లో మొదటివాడివి" అని ఉండాలి. వాడి ఆసుపత్రి కాగితాలన్నిటిలోనూ ఆ మాట ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు చదువుకుంటాడు, ముందుగా మీ నోట తెలిస్తే మంచిది. మూడు నాలుగేళ్లకే మామూలు మాటల్లో చెప్పొచ్చు. తమ్ముడి మరణానికి కారణం రాసిన కాగితం కూడా పెద్దబాబు ఫైలులో ఉంచండి, అతని డాక్టరుకి అది అవసరం కావచ్చు. ప్రాణంతో పుట్టిన బిడ్డకి జననం, మరణం రెండూ నమోదు కావాలి. అది జరిగిందో లేదో చూసుకోండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "ఒకడైనా దక్కాడు కదా" అని తల్లితో అనకండి. పెద్దబాబు మొదటిసారి నవ్విన రోజున, కూర్చున్న రోజున ఆమెకి సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వస్తాయి. పుట్టినరోజు నాడు కూడా వస్తాయి. ఆ రోజు ఆమె ఏడిస్తే అపశకునం అనొద్దు. నెలలు గడిచినా ఆమె నిద్ర, తిండి మానేసినా, బిడ్డను ఎత్తుకోలేకపోతున్నా మానసిక వైద్యుల దగ్గరికి తోడు వెళ్లండి. మీరూ చూపించుకోండి, తండ్రుల్ని ఎవరూ అడగరు.

ప్రశ్న: ఇద్దరి కాగితాలూ ఎలా దాచుకోవాలి? తిత్లీ తుపానులో మా ఇంట్లో కాగితాలన్నీ నానిపోయాయి.
– ఓ తండ్రి, సోంపేట

2018 అక్టోబరు తుపానులో ఉద్దానం ఊళ్లలో జరిగింది తెలిసిందే కాబట్టి ఈ జాగ్రత్త అతి కాదు. ఇద్దరికీ రెండు జిప్ కవర్లు, రెండూ కలిపి మూత బిగుసుకునే ఒక ప్లాస్టిక్ డబ్బా, అది అటక మీద కాకుండా చేతికందే ఎత్తులో. ఇల్లు విడవాల్సి వస్తే ఆ డబ్బా ఒక్కటి పట్టుకుంటే చాలేలా ఉండాలి. పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయకండి, పసిపిల్లల బట్టల పెట్టెలో అసలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న బిడ్డలకి ఆ వాసన వల్ల రక్తకణాలు చితికి పచ్చకామెర్లు ముదురుతాయి. ఎండు వేపాకు చాలు. ప్రతి కాగితం ఫొటో తీసి ఊళ్లో లేని చుట్టం ఒకరి ఫోనుకి పంపి ఉంచండి.

కాగితాల్లో తప్పులు ముందే దిద్దించుకోండి. జననం 21 రోజుల్లో నమోదు కావాలి, ఇద్దరికీ విడివిడి ధ్రువపత్రాలు. పేరు లేకుండా నమోదై ఉంటే ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా అవకాశం ఉంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకి బడిలో చేరడం దగ్గర్నుంచి పుట్టిన తేదీకి ఈ పత్రమే ఆధారం. మగ, ఆడ కవలలైతే లింగం తారుమారుగా పడిందేమో, ఇద్దరూ ఒకటే అయితే ఒకే పేరు రెండుసార్లు పడిందేమో పత్రం తీసుకునే చోటే నిలబడి చదవండి. టీకాల కార్డులు కూడా రెండు ఉండాలి. ఒకరికి జ్వరమని టీకా వాయిదా పడితే రెండోవాళ్ల తేదీయే ఇద్దరి కార్డుల మీదా పడే ప్రమాదం ఉంది. ఏఎన్ఎమ్ గారు రాస్తున్నప్పుడే పక్కన ఉండి, వేయని గడి ఖాళీగా వదిలేయమని, మళ్లీ రావాల్సిన తేదీ పెన్సిల్‌తో వేయమని అడగండి.